షార్‌లో కొలువు.. దీవిలో కాపురం

మూటాముల్లె సర్దుకునే ముందు శ్రీహరికోట గురించి తెలుసుకోవలసిన సంగతులు

సున్నిపెంట (శ్రీశైలం ప్రాజెక్టు): రాత్రి తొమ్మిది గంటలకు దోర్నాల దారిలో అటవీ శాఖ గేటు పడితే మళ్లీ ఉదయం ఆరు గంటలకు గానీ శ్రీశైలం రోడ్డు తెరుచుకోదు. చుట్టూ నల్లమల అడవి, ఒక పక్క లోయలో కృష్ణానది. నీళ్ల నడుమ లేకపోయినా శ్రీశైలం, సున్నిపెంట వాసులది ఒక విధంగా దీవి బతుకే. అయినప్పటికీ మన ప్రాంత యువకులకు శ్రీహరికోటలో ఉద్యోగం వచ్చిందనగానే ఇళ్లలో సంతోషంతో పాటు గుబులూ మొదలవుతోంది. ఇస్రో నిర్వహించే రాత పరీక్ష, నైపుణ్య పరీక్ష నెగ్గి టెక్నీషియన్లుగా వెళ్లేవారు కొందరు, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో చేరి అక్కడ డ్యూటీ పడినవారు మరికొందరు, గుత్తేదారుల వద్ద నిర్మాణ పనులకు వెళ్లేవారు ఇంకొందరు. వీరందరి ఇళ్లలోనూ వినిపించే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అక్కడ తాగే నీళ్లు ఎలా ఉంటాయి? తుపాను వస్తే సముద్రం మీదికి వస్తుందా? అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లవచ్చా? రాత్రిపూట ఒంట్లో బాగలేకపోతే దిక్కెవరు?

ఈ విలేకరికి ఇది సొంత ఇంటి సంగతి కూడా. అక్క కుమారుడు ఐటీఐ ఫిట్టర్. కొన్నేళ్ల కిందట అక్కడ టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఇల్లు వెతకడానికి తోడుగా వెళ్లాల్సి వచ్చింది. ఆ ప్రయాణంలో చేసిన పొరపాటు, ఆ తరువాత నేర్చుకున్న పాఠం ఇంకొకరికి ఉపయోగపడతాయనే ఈ కథనం.

ఇసుక పేర్చిన గోడ

శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగే వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. చెన్నైకి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరం. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. రెండింటి నడుమ నూలు వడికే కదురు ఆకారంలో, నడుమ లావుగా, కొనలు సన్నగా సాగిన దీవి ఇది. అంతరిక్ష కేంద్రం విస్తీర్ణం 43,360 ఎకరాలు, అంటే సుమారు 175 చదరపు కిలోమీటర్లు. సముద్రతీరం పొడవు 50 కిలోమీటర్లు. దీవికి దగ్గరి పట్టణం, రైల్వే స్టేషన్ సూళ్లూరుపేట. అక్కడి నుంచి సరస్సు మీదుగా వేసిన 18 కిలోమీటర్ల రోడ్డే దీవికి దారి.

దీవి అనగానే సముద్రం మధ్య రాతి గుట్టను ఊహించుకుంటాం. శ్రీహరికోట అటువంటిది కాదు. నదులు సముద్రంలోకి తెచ్చి పోసిన ఇసుకను అలలు తీరం వెంబడి నెట్టుకుంటూ పోతాయి. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలపు అలల వల్ల ఈ ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రమట్టం దాదాపు నేటి స్థాయిలో కుదురుకున్న తరువాత ఆ ఇసుక వరుసలు వరుసలుగా, తిన్నెలుగా పేరుకుంది. వాటి వెనుక చిక్కుబడిన నీరే పులికాట్ సరస్సు. తీరానికి కాస్త ఎడంగా, అడ్డుగోడలా నిలిచే ఇలాంటి ఇసుక దీవులను భూగోళ శాస్త్రంలో అవరోధ దీవులంటారు.

నల్లమల రాళ్ల వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆ రాతి మీద ఇల్లు కట్టుకున్న మనకు నేల కదలదన్న ధీమా పుట్టుకతోనే వస్తుంది. శ్రీహరికోట నేల వయసు కొన్ని వేల ఏళ్లు మాత్రమే. అది ఇంకా కదులుతూనే ఉంది. సముద్రం ఒకచోట ఇసుక వేస్తుంది, మరోచోట కోసుకుపోతుంది. ఇటీవలి సంవత్సరాల్లో అంతరిక్ష కేంద్రం తీరంలోనే కోత సమస్యగా మారింది. దీవికి ఉత్తరాన రాయదొరువు వద్ద సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం, దానిని తవ్వించాలని జాలర్లు కోరడం ఏళ్ల తరబడి వార్తల్లో ఉన్నదే. పూడ్చేదీ ఇసుకే, కోతకు పోయేదీ ఇసుకే.

ఈ స్వభావం తెలియక ఊళ్లకు ఊళ్లే నష్టపోయిన ఉదాహరణలు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలోని టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ అనే పట్టణం ఇలాంటి దీవి మీదే వెలిసింది. మంచి రేవు, వ్యాపారం, సంపద అన్నీ ఉండేవి. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపాను ఒక్క రాత్రిలో కనీసం ఆరు వేల మందిని బలిగొంది. ఆ తరువాతే అక్కడివారు సముద్రానికి అడ్డుగా గోడ కట్టారు, పట్టణం నేలనే మట్టి పోసి ఎత్తు పెంచారు. నేడు తెలుగు కుటుంబాలు అనేకం నివసిస్తున్న హ్యూస్టన్ నగరానికి ఆ ఊరు దగ్గరే. మనకైతే అంత దూరం పోనవసరం లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చాలు. ఆనాటి వార్తలు రేడియోలో విన్న పెద్దలు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

లోతుకు పోతే ఉప్పే

రాయలసీమ వాసికి నీటి లెక్క ఒక్కటే. రెండు వందల అడుగుల్లో పడకపోతే నాలుగు వందలు, అక్కడా పడకపోతే ఎనిమిది వందలు. బోరు ఎంత లోతుకు దిగితే అంత ఆశ. శ్రీహరికోటలో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ నీరు పైననే ఉంది. లోతుకు పోతే ఉన్నది ఉప్పు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. దీవిలో నదులు లేవు, కొండల నుంచి దిగే వాగులు లేవు. పడిన వాననీరు ఇసుకలోకి ఇంకుతుంది. ఇసుక అడుగున సముద్రపు నీరు ఊరి ఉంటుంది. వాననీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందువల్ల మంచినీరు ఉప్పునీటి మీద తేలుతున్నట్టుగా ఒక పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు నలభై అడుగుల వరకు మంచినీరు ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. దీనిలో ఆశ ఎంత ఉందో ప్రమాదమూ అంతే ఉంది. మోటార్లు పెట్టి తోడి పైన ఒక అడుగు తగ్గించామంటే, కింద నలభై అడుగుల మేర ఉప్పునీరు పైకి జరుగుతుంది. ఒకసారి ఉప్పు పైకి వస్తే మళ్లీ మంచి వానలు పడి అది అణిగే వరకు ఆగవలసిందే.

నెల్లూరు తీరంలోని రైతులకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పకముందే తెలుసు. వారు లోతైన బావులు తవ్వరు. ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా గుంత తీస్తారు. అందులో ఊరిన నీటిని కుండలతో ముంచి నారుకు, మొక్కలకు పోస్తారు. దీనినే దొరువు అంటారు. పైన చెప్పిన రాయదొరువు పేరులో ఉన్నదీ ఆ మాటే. పైపొరను మాత్రమే మెల్లగా తీసుకుని, అడుగును కదిలించకపోవడమే దొరువు కిటుకు. మన చెరువులు, కుంటలు ఎంత పాతవో వారికి దొరువులు అంత పాతవి.

ఉద్యోగికి దీనితో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. షార్ క్వార్టర్లలో నీటి సరఫరా ఉంటుంది. కానీ క్వార్టరు దొరికేవరకు సూళ్లూరుపేటలోనో, పరిసర పల్లెల్లోనో అద్దె ఇంట్లో ఉండవలసి రావచ్చు. ఇల్లు చూసేటప్పుడు గదులు, గాలి, వెలుతురు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తుంటారు. కుళాయి నీరు ఒక గ్లాసు పట్టి నాలుక మీద వేసుకుని చూసేవారు తక్కువ. అది కూడా ఏ నెలలో చూస్తున్నామన్నది ముఖ్యం. డిసెంబరులో వానలు పడి ఉంటాయి గనుక చవ్వగా ఉన్న నీరు కూడా తియ్యగానే అనిపిస్తుంది. నిజం తెలిసేది మే నెలాఖరున. అప్పుడు నోటికి ఉప్పు తగలకపోతే ఆ ఇంటికి నీటి బెంగ లేదనుకోవచ్చు.

మేలో చూసి మోసపోయాం

మేము వెళ్లింది మే నెలలోనే. నీటి విషయంలో మంచిదే అయింది. మిగిలిన విషయంలో మోసపోయాం.

సూళ్లూరుపేట దాటి దీవి రోడ్డెక్కితే రెండు పక్కలా సరస్సు కనిపించాలి. ఒడిశాలోని చిల్కా తరువాత దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. మా కంటికి కనిపించింది మాత్రం ఎండిన మైదానం, దాని మీద అక్కడక్కడ తెల్లటి ఉప్పు పొర. వేసవిలో సరస్సు ఉత్తర భాగం ఇలా ఎండిపోవడం మామూలే. సరస్సు లోతే తక్కువ. అందులోనూ ఈ రోడ్డు అడ్డుకట్టలా పడటంతో నీటి కదలిక తగ్గిందని పర్యావరణవేత్తల విమర్శ. ఆ ఎండిన నేలను చూసి "ఇంత ఎండలో నీళ్లు యాడ్నుంచి వస్తాయిలే తమ్ముడూ" అంది అక్క. నిజమే అనిపించింది. కాళంగి నదికి సమీపంలో, అద్దె కాస్త తక్కువని, పల్లంలో ఉన్న ఇల్లు ఖాయం చేశాం. ఇల్లు చూపించిన మధ్యవర్తి వానాకాలం మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు.

నవంబరులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. బియ్యం, పరుపులు, కుర్రవాడి సర్టిఫికెట్ల పెట్టె తడిసిపోయాయి. సర్టిఫికెట్లను ఫ్యాను కింద ఆరబెట్టుకుంటూ వాడు ఫోన్ చేసినప్పుడు అక్క ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే మన పంచాంగాన్ని అక్కడికి మోసుకెళ్లడంలో జరిగింది. మనకు వానలంటే జూన్ నుంచి సెప్టెంబరు. కర్నూలు ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి రుతుపవనాలదే. దీపావళి నాటికి మన ఆకాశం తేటపడుతుంది. అక్కడ అప్పుడే అసలు వానాకాలం మొదలవుతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసే వానలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాల వల్ల పడేదే. కార్తీక మాసంలో మన శ్రీశైలం దీపాలతో కళకళలాడుతుంటే అక్కడివారు రేడియోలో తుపాను హెచ్చరికలు వింటుంటారు.

1984 నవంబరులో ఒక తీవ్ర తుపాను సరిగ్గా శ్రీహరికోట సమీపంలోనే తీరం దాటింది. రాకెట్ కేంద్రం ఉన్నంత మాత్రాన సముద్రం దారి మార్చుకోదు. ఇలాంటి దీవికి తుపాను వేళ రెండు వైపులా నీరే. ఎదుట నుంచి సముద్రపు పోటు, వెనుక నుంచి వాననీటితో ఉబ్బిన సరస్సు. అయితే న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. దీవి తన మీద దెబ్బ కాచుకుంటుంది గనుకనే దాని వెనుక ఉన్న సరస్సుకు, పల్లెలకు కొంత రక్షణ. తీరంలో పెరిగిన అడవి, సరుగుడు తోటలు గాలి ఉధృతిని కొంత తగ్గిస్తాయి.

2009 అక్టోబరులో శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని మించి 896 అడుగులకు చేరిన రోజులు, కర్నూలు నగరం నీట మునిగిన రోజులు మనకు గుర్తే. ఆ వరదను ఎగువ నుంచి వచ్చే ప్రవాహాన్ని బట్టి కొన్ని గంటల ముందైనా అంచనా వేయగలిగాం. తీరంలో వాయుగుండం హెచ్చరిక కొన్ని రోజుల ముందే వస్తుంది. కానీ అది ఎక్కడ తీరం దాటుతుందన్నది చివరి వరకు మారుతూనే ఉంటుంది. హెచ్చరిక విన్నాక ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం ముఖ్యం. కాగితాలు పైఅరలో పెట్టుకోవడం, రెండు రోజుల నీరు పట్టి ఉంచుకోవడం, మందులు తెచ్చి పెట్టుకోవడం అక్కడివారికి చెప్పనవసరం లేని అలవాట్లు.

ఉక్కపోత సంగతి కూడా చెప్పాలి. సముద్రపు గాలి వల్ల మధ్యాహ్నపు ఎండ మన నంద్యాల, కడప ఎండంత మాడ్చదు. కానీ గాలిలో తేమ ఎక్కువ. మనకు చెమట పట్టగానే ఆరిపోతుంది, అక్కడ ఆరదు. ఉప్పుగాలికి ఇనుప బీరువా, సైకిలు, గ్యాస్ పొయ్యి త్వరగా తుప్పు పడతాయి. పెళ్లినాటి ఇనుప సామాను మోసుకెళ్లాలనుకునే తల్లులు ఒకసారి ఆలోచించుకోవాలి.

గేటు లోపల.. గేటు బయట

షార్ ఉద్యోగులందరూ దీవిలోనే ఉంటారనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. దీవిలో నివాసాలు ఉన్నాయి, సూళ్లూరుపేటలోనూ ఉద్యోగుల కాలనీలు ఉన్నాయి. చాలామంది రోజూ బస్సుల్లో సరస్సు దాటి విధులకు వెళ్లివస్తారు. ఏ పక్క ఉండబోతున్నామన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. ఎందుకంటే గేటుకు లోపలి జీవితం వేరు, బయటి జీవితం వేరు.

లోపల ప్రశాంతత ఉంది, అడవి ఉంది. భూమి కొనడం, సొంత ఇల్లు కట్టుకోవడం కుదరదు. కేంద్ర భద్రతా దళం తనిఖీ లేకుండా లోపలికి వెళ్లడం సాధ్యం కాదు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన మేనమామ అయినా సరే, అనుమతి పత్రం లేనిదే గేటు దాటడు. చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగే అలవాటున్న మన ఇళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. నల్లమల గేటుకైనా తెల్లవారితే తాళం తీస్తారు. ఆ గేటుకు తెల్లవారడమంటూ లేదు.

బయట సూళ్లూరుపేట మామూలు పట్టణమే. జాతీయ రహదారి, చెన్నై వైపు లోకల్ రైళ్లు, అంగళ్లలో తెలుగుతో పాటు తమిళం. వైద్యానికి, పెద్ద కొనుగోళ్లకు జనం ఇటు నెల్లూరు, అటు చెన్నై చూస్తారు. ఊళ్లో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ పరమేశ్వరి ఆలయం ఉంది. ఈ గుడి తలుపులు రాత్రింబగళ్లు తెరిచే ఉంటాయి. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు ఇక్కడికి వచ్చి పూజలు చేయడం ఆనవాయితీ. మల్లన్న దర్శనానికి అలవాటుపడిన మనవారికి ఆ ఊళ్లో మొదట పరిచయమయ్యేది చెంగాళమ్మే. తిండి విషయంలో జొన్నరొట్టెకు అలవాటుపడిన నోరు కొంత సర్దుకోవాలి. చేపలు, రొయ్యలు, పీతలు తినేవారికి మాత్రం లోటు లేదు.

రాకెట్ ఎగిరే రోజు

ఇంత తిప్పలు పడి ఆ ఇసుక దీవినే ఎందుకు ఎంచుకున్నారన్న సందేహం సహజం. 1969లో స్థలాన్ని ఎంపిక చేసినప్పుడు చూసినవి ముఖ్యంగా మూడు. తూర్పున తెరిపి సముద్రం ఉండాలి, విడిపోయిన రాకెట్ భాగాలు జనం మీద పడకూడదు. భూమధ్యరేఖకు వీలైనంత దగ్గరగా ఉండాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక ఆ అక్షాంశం వద్ద తూర్పుకు ఎగిరే రాకెట్‌కు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఉచితంగా కలిసి వస్తుంది. మూడవది, చుట్టూ జనావాసం తక్కువగా ఉండాలి. అమెరికావారు ఫ్లోరిడాలో కేప్ కెనావరల్‌ను ఎంచుకోవడం వెనుక ఉన్న ఆలోచనా ఇంచుమించు ఇదే.

1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో కేంద్రం పని ప్రారంభించింది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 విజయవంతమైంది. 2002 సెప్టెంబరు 5న కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. చంద్రయాన్-3 ఇక్కడి నుంచి బయలుదేరింది 2023 జులై 14న. 2025 జనవరి 29న ఇక్కడి వందవ ప్రయోగం జరిగింది. అదే నెలలో మూడవ ప్రయోగ వేదికకు సుమారు రూ.3,985 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కాబట్టి ఆ దారిన వెళ్లే మనవారి సంఖ్య తగ్గే సూచన లేదు.

ప్రయోగం రోజు రాకపోకల మీద ఆంక్షలు ఉంటాయి. జాలర్లను సముద్రంలోకి వెళ్లవద్దని హెచ్చరిస్తారు. చూడాలనుకునే సాధారణ ప్రజలు 2019లో ప్రారంభమైన సందర్శకుల గ్యాలరీకి ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్లవచ్చు. ప్రమాదం మాటేమిటని ఇంట్లో ఆడవారు అడుగుతారు. దాచడం దేనికి, అది ఇంధనంతో పని. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. నివాసాలు ఇలాంటి విభాగాలకు దూరంగా ఉంటాయి. పని చేసేవారు మాత్రం భద్రతా నియమాలను పొల్లు పోకుండా పాటించాలి.

ముందున్నవారెవరు?

జనావాసం తక్కువ అన్నారే గానీ అసలు లేదని కాదు. శ్రీహరికోట అడవి యానాదులది. నల్లమలకు చెంచులు ఎలాగో ఆ దీవికి వారు అలాగ. 1835లో దీవి ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి నేరుగా వచ్చినప్పటికే వారు అక్కడ అడవి ఉత్పత్తులు సేకరిస్తూ బతుకుతున్నారు. తేనె, దుంపలు, వనమూలికలు, చేపలు వారి జీవనాధారం. దీవిలోని అడవి కూడా సామాన్యమైనది కాదు. వానలు తక్కువైనా ఆకు రాల్చని చెట్లతో, కోరమండల్ తీరమంతా ఒకప్పుడు విస్తరించి నేడు తునకలుగా మిగిలిన అడవి అది. కట్టుదిట్టమైన గేటు వల్ల ఆ తునక ఇక్కడ నిలిచిందనడం అతిశయోక్తి కాదు.

అంతరిక్ష కేంద్రం కోసం భూసేకరణ జరిగినప్పుడు దీవిలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. యానాదులు కొందరు దీవిలోనే వేరే చోట్లకు, మిగిలినవారు సరస్సుకు ఇవతలి గ్రామాలకు తరలిపోయారు. వెళ్లినవారి పశువులు అక్కడే మిగిలి, వాటి సంతతి అడవిలో తిరుగుతోంది. రాత్రివేళ దీవి రోడ్డు మీద బండి నడిపేవారికి అడ్డొచ్చేది చాలావరకు ఈ గొడ్లే.

ఈ కథ మనకు కొత్తదా? శ్రీశైలం జలాశయం కింద సుమారు వంద గ్రామాలు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించిన రోజులు, ఆ తరువాత జీవో 98 కాగితాలు పట్టుకుని ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. సున్నిపెంట కాలనీ పుట్టింది కూడా ప్రాజెక్టు పని కోసమే. పక్కవారి ఊరు పోతేనే మనకో ఊరు వచ్చిన సంగతి తెలిసిన మనం అక్కడ గేటు వద్ద కనిపించే యానాది కూలీని పరాయివాడిగా చూడలేం. పైగా వాన ఎటు నుంచి వస్తుందో, నీరు ఏ పల్లాన నిలుస్తుందో మధ్యవర్తి కంటే అతడికే బాగా తెలుసు. ఆనాడు అతడిని అడిగి ఉంటే మా సర్టిఫికెట్ల పెట్టె తడిసేది కాదు.

దారి సంగతి

శ్రీశైలం వైపు నుంచి వెళ్లేవారు దోర్నాల, మార్కాపురం మీదుగా ఒంగోలు చేరి, అక్కడ చెన్నై వైపు వెళ్లే రైలు పట్టుకుంటే నెల్లూరు, గూడూరు దాటాక సూళ్లూరుపేట వస్తుంది. అన్ని రైళ్లు అక్కడ ఆగవు, ముందే చూసుకోవాలి. కడప వారికి రాజంపేట, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట దారి అనుకూలం. నవంబరు ప్రయాణానికి ఒక దారినే నమ్ముకోవడం మంచిది కాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నందలూరు, రాజంపేట ప్రాంతంలో రైలు మార్గం కొట్టుకుపోయింది. మరుసటి రోజుల్లోనే నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద పెన్నా వరదకు పట్టాలు దెబ్బతిన్నాయి. అంటే మన సీమ నుంచి సూళ్లూరుపేటకు ఉన్న రెండు రైలు దారులూ ఒకే వారంలో మూతపడ్డాయి. అటువంటప్పుడు సెలవు అయిపోతోందని కంగారుపడి రోడ్డున పడటం కంటే ఉన్నచోట ఆగడం మేలు.

వీలున్నవారు కుటుంబాన్ని తరలించే ముందు రెండుసార్లు వెళ్లి చూసి రావడం మంచిది. మే నెలాఖరున ఒకసారి, నీటి రుచి చూడటానికి. నవంబరులో ఒకసారి, నీరు ఎక్కడ నిలుస్తుందో చూడటానికి. ఇంటి గోడల మీద పాత వరద చారలు ఉంటే సున్నం కింద కూడా అవి కనిపిస్తాయి. ఒక్కసారే వెళ్లగలిగితే నవంబరే నయం. నీటి రుచి పక్కింటివారిని అడిగినా చెబుతారు. పల్లంలో ఉన్న ఇంటి సంగతి మాత్రం అద్దెకిచ్చేవారు చెప్పరు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లేవారికి రోడ్డుకు రెండు పక్కలా నిండిన పులికాట్‌లో ఫ్లెమింగోలు, సమీపంలోని నేలపట్టులో గూడబాతులు కనువిందు చేస్తాయి. 2001 నుంచి సూళ్లూరుపేటలో వీటి పేరిట పండుగ కూడా నిర్వహిస్తున్నారు. ఇల్లు వెతకడానికి మాత్రం అది సరైన కాలం కాదు, ఆ నెలల్లో అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి.

మేనల్లుడు ప్రస్తుతం సూళ్లూరుపేటలోనే మెరకలో ఉన్న మరో ఇంటికి మారాడు. అద్దె కాస్త ఎక్కువ. గడప ముందు మూడు మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు లెక్కపెట్టి గానీ అక్క ఈసారి అడ్వాన్సు ఇవ్వనివ్వలేదు. కార్తీక పౌర్ణమి దాటగానే వాడి దగ్గరికి వెళ్లాలని రెండు శేర్ల జొన్నపిండి మూటకట్టి పెట్టుకుంది. తెల్లవారి గేటు తీశాక దోర్నాల దిగే మొదటి బస్సులో ప్రయాణం. వాయుగుండం ఏదైనా ఉందేమో రేడియోలో విని చెప్పమని రోజూ ఫోన్ చేస్తోంది.